తుంగ దుంపకు తొందర పనికిరాదు

పెరటి ఉత్తరాలు

మాస్టారూ, నమస్కారం. విశాఖ దగ్గర పెందుర్తిలో మా నాన్నగారు కట్టుకున్న ఇల్లుంది. ఆయన పోయాక అద్దెకిచ్చేశాం. పెరటి వైపు సుమారు 150 గజాల జాగా ఎవరూ పట్టించుకోక తుప్పలు పట్టిపోయింది. నడుమెత్తున వయ్యారిభామ, ప్రహరీ వారన సుబాబుల్ మొక్కలు, తలంబ్రాల పూల పొదలు రెండు, కిందంతా తుంగ. హుద్‌హుద్ తుపానుకి పడిపోయిన మామిడి చెట్టు మోడు అలాగే ఉంది. ఓ మూల ఇల్లు కట్టినప్పటి ఇటుక ముక్కలూ సున్నం పెళ్ళలూ గుట్టగా పడున్నాయి. అన్నయ్య జేసీబీ పెట్టి ఒక్క పూటలో చదును చేయించేద్దాం అంటున్నాడు. మా ఆయన గడ్డిమందు కొట్టేస్తే సరిపోతుంది అంటున్నారు. నాకు నాలుగు కూరపాదులు, ఒక ఆకుకూర మడి, కరివేపాకు చెట్టు ఉంటే చాలు. ఇప్పుడు ఇల్లు ఖాళీ అయింది. మే నెలంతా పిల్లలతో అక్కడే ఉంటాం, ఆ తర్వాత ఆదివారాలు వచ్చి చూసుకోగలను. ఎక్కణ్ణుంచి మొదలుపెట్టమంటారు?
– ఓ పాఠకురాలు, సీతమ్మధార

అమ్మా, ముందు మీ అన్నగారి సంగతి. జేసీబీ పునాదులు తియ్యడానికి మంచిదే. పెరటికి వద్దు. దాని తొట్టి మొదట గీకేది పైనున్న జానెడు మట్టినే. మీ పెరట్లో పనికొచ్చే మట్టి అదొక్కటే. రాలిన ఆకు, చచ్చిన వేరు, వానపాము విడిచిన మన్ను అన్నీ కలిసి ఇన్నేళ్ళుగా తయారైనది. దాన్ని ఇటుక ముక్కలతో సహా ఓ మూలకి నెట్టేసి, కిందున్న గట్టి ఎర్ర గ్రావెల్ని పైకి తేల్చి, చక్రాలతో తొక్కి వెళ్ళిపోతుంది. చూడ్డానికి చదునుగా, శుభ్రంగా ఉంటుంది. మొదటి వానకి నీళ్ళు ఇంకవు, మట్టి కొట్టుకుపోతుంది. పైగా ఇప్పుడు ఎక్కడైనా గుంపులుగా ఉన్న తుంగ దుంపలు అప్పుడు 150 గజాలకీ సమానంగా పంపకమైపోతాయి. ట్రాక్టరు రోటవేటరుదీ ఇదే కథ. గరిక ఉన్న నేలలో అది తిరిగితే ప్రతి కణుపూ ఓ మొక్క అవుతుంది.

ఇక మీవారి గడ్డిమందు. గ్లైఫోసేట్‌ని పెస్ట్ కంట్రోల్ ఆపరేటర్ల ద్వారా తప్ప ఎవరూ వాడకూడదని 2022 అక్టోబరులో కేంద్ర ప్రభుత్వం ఉత్తర్వు ఇచ్చింది. అంచేత పక్కింటి స్ప్రేయరు అరువు తెచ్చుకుని కొట్టేసే పని కాదది. ఇంకో గడ్డిమందు పారాక్వాట్. అది పొరపాటున నోట్లోకి పోతే విరుగుడు లేదు. పిల్లలు తిరిగే ఇంట్లో ఆ డబ్బా ఉండటమే నాకు ఇష్టం లేదు. ఇవన్నీ పక్కన పెట్టినా, తుంగ మీద మందు కొడితే ఆకు ఉన్న దుంపకే దెబ్బ. ఆకు లేకుండా మట్టిలో నిద్రపోతున్న దుంపలకి ఆ కబురే అందదు.

మీరు చెయ్యాల్సింది ఒకటే. ఎంత మేర విత్తనం వేసి కప్పి ఉంచగలరో అంత మేరే తవ్వండి. 150 గజాలూ ఒకేసారి తవ్వి ఖాళీగా వదిలితే కలుపుకి మడి కట్టి ఇచ్చినట్టే. కుళాయికి దగ్గరగా పాతిక గజాలు గీత గీసుకోండి. మిగతా జాగాలో కలుపు పూత, గింజ పట్టకుండా కోస్తూ ఉండండి, అంతే. అక్కడ గునపం వెయ్యొద్దు.

మొదటి రోజు తవ్వకం పెట్టుకోకండి. మోకాళ్ళ దాకా బూట్లు, పొడుగు చేతుల చొక్కా, చేతులకి మందపాటి తొడుగులు వేసుకుని, పొడవాటి కర్రతో తుప్పలు తడుతూ ఒకసారి అంతా తిరగండి. వేసవిలో పాములు చల్లటి చోటు చూసుకుంటాయి. మీ ఇటుకల గుట్ట వాటికి సొంతిల్లు లాంటిది. గుట్టని విప్పేటప్పుడు వేళ్ళు కిందికి పెట్టి ఎత్తకండి. కొక్కెం ఉన్న కర్రతో ఇటుక అవతలి అంచు పట్టుకుని మీ వైపుకి వాల్చండి. అప్పుడు తెరుచుకునే సందు అవతలికి ఉంటుంది, లోపలున్నది అటే పోతుంది. అవతల ఎవర్నీ నిలబెట్టకండి, ముఖ్యంగా పిల్లల్ని. జెర్రిపోతయితే పోనివ్వండి, అది ఎలకల్ని తింటుంది. నాగుపాము, రక్తపింజర, కట్లపాము – వీటితో మనకి బేరాలు వద్దు. పాములు పట్టేవాళ్ళని పిలవండి. ఖర్మకాలి కాటు పడితే కొయ్యడం, కట్టు బిగించడం, నాటుమందు ఏవీ చెయ్యకుండా, ఆ చేయో కాలో కదలనివ్వకుండా 108లో కేజీహెచ్ పెద్దాసుపత్రికి తీసుకెళ్ళడమే.

పాము కంటే చిన్నది, కంటికి ఆనని పురుగు ఒకటుంది. స్క్రబ్ టైఫస్ తెచ్చే చిగ్గర్ పురుగు. పొదల్లో, గడ్డిలో ఉంటుంది. కుట్టినట్టు కూడా తెలీదు. అంచేత గడ్డి మీద కూర్చుని టీ తాగడం, కోసిన మోపు మీద తలవాల్చడం మానండి. పని అవగానే సబ్బుతో స్నానం, వేసుకున్న బట్టలు వేడినీళ్ళలో. ఆ తర్వాత మూడు వారాల్లోపు జ్వరం గట్టిగా వస్తే, చంకలోనో నడుం దగ్గరో సిగరెట్టుతో కాల్చినట్టు నల్లటి చెక్కు కనబడితే, డాక్టరుగారికి “తుప్పలు కొట్టాను” అన్న మాట తప్పకుండా చెప్పండి. తొందరగా గుర్తుపడితే మామూలు యాంటీబయాటిక్‌తోనే తగ్గుతుంది. ఆ మాట చెప్పకపోతే వైరల్ జ్వరం ఖాతాలో వేసేస్తారు.

ఇప్పుడు వయ్యారిభామ. 1950లలో పుణె దగ్గర మొదట కనబడ్డ ఈ మొక్క ఇవాళ మన జాతీయ రహదారి పక్కన, ఖాళీ ప్లాట్లలో, రైలు కట్ట మీద ఎక్కడ చూసినా ఉంది. ఒక్కో మొక్క వేల విత్తనాలు రాలుస్తుంది. కోస్తే మొదలు నుంచి మళ్ళీ చిగురిస్తుంది. వేరుతో సహా పీకాలి. ఎండిన నేలలో పీకితే పైన తెగి వేరు లోపలే ఉండిపోతుంది, కాబట్టి ముందు రోజు సాయంత్రం నీళ్ళు పారించండి, లేదా వేసవి జల్లు పడిన మర్నాడు పట్టుకోండి. చేతి తొడుగు, ముక్కుకి గుడ్డ తప్పనిసరి. దద్దుర్లూ తుమ్ములూ దానితో వచ్చే బాధలే, ఉబ్బసం ఉన్నవాళ్ళు ఈ పనికి దూరంగా ఉండాలి. తెల్ల పువ్వు విడిచిన మొక్కలుంటే ముందు తలలు కోసి సంచిలో వేసి మూతి కట్టెయ్యండి, తర్వాత మొక్క పీకండి. పువ్వు రానివి ఎరువు గుంటలో వేసుకోవచ్చు. ఉప్పు నీళ్ళు కొడితే చస్తుందని ఎవరో ఒకరు చెప్తారు. నిజమే, చస్తుంది. రోడ్డు పక్కన సరే. మీరు బెండకాయలు కాయించుకోవాలనుకునే మట్టిలో ఉప్పు పోసుకుంటారా?

తలంబ్రాల పూల పొదకి పైన ఎంత నరికినా లాభం లేదు. కొమ్మలు కొట్టి దారి చేసుకుని, మొదలు చుట్టూ కాస్త మట్టి తీసి, నేల మట్టానికి రెండు మూడు అంగుళాల కింద తల్లివేరుని గొడ్డలితో తెగ్గొట్టండి. చిగురు వేసే భాగం పైముక్కతోపాటే వచ్చేస్తుంది. దాన్ని తలకిందులుగా ఆరబెట్టండి. ఆకు పశువులకి విషం, అటూ ఇటూ పారేసి ఆవుల నోట పడనివ్వొద్దు. సుబాబుల్ సంగతి తేలిక. వేలి లావు మొక్కలు వానకి మట్టి మెత్తబడగానే వేరుతో వచ్చేస్తాయి. లావైనవి కాయ ఎండక ముందే కొట్టండి, చిగురు వచ్చినప్పుడల్లా విరిచెయ్యండి. ఆ ఆకుని మాత్రం పారెయ్యొద్దు, నత్రజని బాగా ఉన్న ఆకు, మడి మీద పరవడానికి అంతకంటే మంచిది దొరకదు. మామిడి మోడు జోలికి పోకండి. వేళ్ళు ప్రహరీ కిందికి వెళ్ళి ఉంటాయి, పెకిలిస్తే గోడ కూడా కదులుతుంది. దాని మీద కుండీ పెట్టుకోండి.

తుంగ దగ్గర ఆగుదాం. మీరు ఓపిగ్గా ఒక్క మొక్కని, ఒకే ఒక్కదాన్ని, చుట్టూ మట్టి గుల్ల చేసి మెల్లిగా పైకి తీసి చూడండి. ఆకుల కింద చిన్న ఉబ్బు. దాన్నుంచి నల్లటి తీగలాంటి వేరు. దాని చివర గోలీకాయంత దుంప, పైన గోధుమరంగు పొర. ఆ దుంప నుంచి ఇంకో తీగ, ఇంకో దుంప, పూసలు గుచ్చిన దండలాగ. గోటితో గిల్లితే లోపల తెల్లగా ఉంటుంది, మంచి వాసన వేస్తుంది. ఈ వాసన కోసమే దీన్ని తుంగముస్తలని మూలికల కొట్లలో అమ్ముతారు, సున్నిపిండిలో కలుపుతారు. మీరు పైన ఆకు పట్టుకుని లాగితే ఆ తీగ పుటుక్కున తెగుతుంది. మొక్క చేతికొస్తుంది, దండ లోపలే ఉంటుంది. అంతవరకూ ముందు దుంప అదుపులో ఉన్న మిగతా దుంపలు, తల తెగ్గానే ఎవరికి వారు మొలకెత్తుతాయి. పని మనుషుల చేత కలుపు తీయించిన పది రోజులకి ముందుకంటే చిక్కగా లేచిందని చాలామంది నాకు రాస్తుంటారు. కారణం ఇదే.

దీనికి నేను నమ్ముకున్నది రోహిణి కార్తె. మే 25 ప్రాంతంలో మొదలై మృగశిర దాకా, రోళ్ళు పగిలే ఎండ. తుంగ దుంప దేనికీ భయపడదు గానీ పూర్తిగా ఎండిపోతే చస్తుంది. కాబట్టి మే మూడో వారంలోగా మీ పాతిక గజాల్లో వయ్యారిభామ తీసెయ్యండి. నేల పదును చూసుకోండి. జానెడు లోతు నుంచి గుప్పెడు మట్టి తీసి పిడికిట నొక్కి నడుం ఎత్తునుంచి వదలండి. పొడిపొడిగా విరిగితే పదును కుదిరినట్టు. ముద్దగానే పడితే ఇంకో రెండ్రోజులు ఆగాలి. పిడికిట్లోనే నిలవకుండా రాలిపోతే నీళ్ళు పెట్టి ఆగాలి. మన ఎర్ర నేల ఎండితే గునపం కూడా టంగుమంటుంది, తడిలో తొక్కితే ఇటుకలా బిగుస్తుంది. ఈ రెంటికీ మధ్య ఉన్న రోజులు కొన్నే, వాటిని వదులుకోకూడదు.

తవ్వడం ఓ చివర నుంచి మొదలుపెట్టి వెనక్కి నడుస్తూ చెయ్యండి, తవ్విన చోట తొక్కకుండా. గునపం నిలువుగా దించి, పిడి వెనక్కి వంచి, పెళ్ళని మొత్తంగా లేపండి. నాలుగు పళ్ళ ఫోర్కు దొరికితే ఇంకా మంచిది, దుంపని కొయ్యదు. పారతో కచాకచా కొడితే మాత్రం ఒక దుంప రెండవుతుంది. లోతు జానెడు, మహా అయితే జానా బెత్తెడు. అంతకు మించి దిగి కింది మొరాన్ని పైకి తేవద్దు. లేపిన పెళ్ళల్ని పగలగొట్టకుండా వేర్లు పైకి వచ్చేట్టు బోర్లించి ఎండకి వదిలెయ్యండి. నాలుగైదు రోజులకోసారి మళ్ళీ తిరగెయ్యండి. పెళ్ళలు బాగా ఆరాక మేస్త్రీలు ఇసుకకి వాడే జల్లెడ ఏటవాలుగా నిలబెట్టి దాని మీద మట్టి విసరండి. మట్టి కిందికి, దుంపలూ రాళ్ళూ ఇవతలికి. ఈ పని పిల్లలకి అప్పజెప్పండి, ఎవరు ఎక్కువ దుంపలు ఏరితే వాళ్ళకి ఐస్‌క్రీము అనండి. ఏరిన దుంపలు ఎరువు గుంటలో పడ్డాయంటే మళ్ళీ మొదటికొస్తాం. మేడ మీద రేకు పరిచి, కొరికితే కటుక్కుమనేదాకా ఎండబెట్టండి.

మట్టి మీద ప్లాస్టిక్ షీటు కప్పి ఎండతో ఉడికించే పద్ధతి చాలా కలుపు మొక్కలకి బాగానే పనిచేస్తుంది. తుంగ మాత్రం లోతు నుంచి సూదిలా పైకొచ్చి పల్చటి షీటుని పొడిచేస్తుంది కూడా. తవ్వని మిగతా జాగాలో పాత అట్టపెట్టెలు తడిపి పరిచి, పైన కోసిన గడ్డీ ఆకూ వేస్తే వయ్యారిభామ గింజలు మొలవ్వు. తుంగ కొంత వస్తుంది, రానివ్వండి.

మృగశిర వానలు పడగానే మీరు జల్లించిన మడిలో కూడా తుంగ మొలుస్తుంది. కంగారు పడొద్దు, తిట్టుకోవద్దు. మొలక వచ్చిన చోట కింద దుంప ఉందని అదే చూపిస్తోంది. మొలిచిన రెండు వారాల్లోగా, కొత్త దుంపలు పుట్టకముందే, చిన్న గునపంతో కిందినుంచి లేపండి. మీరు ఆదివారం ఆదివారం వస్తారు కాబట్టి ఇది సరిగ్గా సరిపోతుంది. రెండు ఆదివారాలు మానేశారంటే మాత్రం దుంపలకి దుంపలు పుడతాయి.

ఆ తర్వాత కూరగాయల ముందు నీడ వెయ్యండి. తుంగ ఎండకి తట్టుకుంటుంది, నీడకి తట్టుకోలేదు. జనుము దట్టంగా చల్లండి. 40–45 రోజులకి పూత వస్తుండగా కోసి అక్కడే మట్టిలో కలిపెయ్యండి. దాని వేళ్ళ బుడిపెలు నేలకి నత్రజని కూడా ఇస్తాయి. అంతదాకా ఆగలేం, తినేది కావాలంటే సగం మడి బొబ్బర్లు, సగం గోగు వెయ్యండి. గోగు మన ఉత్తరాంధ్ర నేల ఎరిగిన పంట, గుబురుగా వేస్తే నేల కనబడదు, ఆకు కోసుకున్నన్నాళ్ళు పచ్చడికీ పప్పుకీ లోటుండదు. చిలగడదుంప తీగ కూడా నేలని బాగా కప్పుతుంది. బెండ, వంగ, మిరప మొదటి ఏడాది ఒకటి రెండు సాళ్ళు చాలు, వాటి మధ్య ఖాళీలో తుంగ పండగ చేసుకుంటుంది. బీర, ఆనప పాదులు ప్రహరీ వారన పెట్టి పందిరి మీదికి పాకించండి.

గత్తం, అంటే పశువుల ఎరువు, బాగా మాగినదే తెచ్చుకోండి, చేత్తో నలిపితే మట్టి వాసన రావాలి. పచ్చి పెంటలో సగం కలుపు గింజలే. మేకల ఎరువయితే సర్కారు తుమ్మ గింజలు ఉచితం. ఇటుకలూ సున్నం తీసేసిన మూల రెండేళ్ళు ఏమీ నాటకండి, పాత సున్నం మట్టిని క్షారం వైపు లాగుతుంది. అక్కడ రెండు కుర్చీలు వేసుకోండి. కరివేపాకు మొక్క ఆ మూలకి దూరంగా, ఎండ తగిలే చోట, వానలు కుదురుకున్నాక పెట్టండి. మిగతా పెరడు సంగతి వచ్చే వేసవిలో, ఇంకో పాతిక గజాలు. తుంగ పూర్తిగా పోయిందని మీరు రాస్తే నేను నమ్మను గానీ, మూడో ఏటికి అది మీ మాట వినేంత పల్చబడుతుంది.

*

మాస్టారూ, మా ఇంటి ముందు జాగా బంకమట్టి. తవ్వితే పెద్ద పెద్ద బెడ్డలు లేస్తున్నాయి. బీచ్ దగ్గరే కాబట్టి నాలుగు బస్తాల ఇసుక తెచ్చి కలిపితే గుల్లబారుతుందా?
– ఓ పాఠకుడు, ఎంవీపీ కాలనీ

వద్దు బాబూ. ఆ ఇసుకలో ఉప్పుంటుంది, మీ మొక్కల ఆకు అంచులు మాడతాయి. తీరం నుంచి ఇసుక ఎత్తుకురావడం కూడా తప్పే. ఏటి ఇసుకే తెచ్చినా బంకమట్టిలో కొద్దిగా కలిపితే అది ఇంకా గట్టిపడుతుంది, పనిచెయ్యాలంటే మట్టితో సమానంగా పొయ్యాలి. ఆ డబ్బుతో గత్తం కొనండి. రాలిన ఆకు, కడిగిన కొబ్బరి పొట్టు, వంటింటి చెత్తతో చేసిన ఎరువు ఏడాదికి రెండుసార్లు పైపైన వేసి గొప్పు తవ్వండి. బెడ్డల్ని ఇప్పుడు సుత్తితో కొట్టొద్దు. ఓ జల్లు పడనిచ్చి, సగం ఆరాక పార వెనకవైపుతో తడితే వాటంతటవే విచ్చుకుంటాయి.

*

అయ్యా, నేను స్టీల్‌ప్లాంటులో రిటైరయ్యాను. ఉక్కునగరం క్వార్టరు ఖాళీ చేసి కూర్మన్నపాలెంలో ఇల్లు కట్టుకున్నాను. పక్కనున్న మా ఖాళీ జాగా తవ్వడం మొదలెట్టాను గానీ అరగంటకే నడుం పట్టేస్తోంది. ఈ వయసులో నావల్ల కాదంటారా?
– ఓ పాఠకుడు, కూర్మన్నపాలెం

అవుతుంది. ముందు మీ పార చూపించండి అనేవాణ్ణి, ఎదురుగా ఉంటే. మన బజారులో దొరికే పారల పిడి పొట్టిది, మేస్త్రీ పనికి చేసింది. అది పట్టుకుంటే నడుం వంచక తప్పదు. నిలబెడితే మీ రొమ్ము దాకా వచ్చే వెదురు పిడి వేయించుకోండి. పార అంచు ఆకురాయితో లోపలివైపు మాత్రమే పదును పెట్టండి, రెండువైపులా పెడితే అంచు తొందరగా వంగిపోతుంది. పదునున్న పార బరువుతోనే దిగుతుంది, మీరు బలం పెట్టక్కర్లేదు. మొద్దుబారిన పారే నడుం విరుస్తుంది.

ఉదయం ఎండెక్కక ముందు ఓ గంట చాలు. పదిహేను నిమిషాలు తవ్వకం, తర్వాత కాసేపు కూర్చుని రాళ్ళు, వేళ్ళు ఏరడం, మళ్ళీ తవ్వకం. చేతులు మార్చుకుంటూ ఉండండి, కుడిచేయి ముందు ఉన్నది కాసేపు ఎడమచేయి ముందు పెట్టి. తవ్విన మట్టిని పక్కకి విసరకండి, నడుం మెలితిరిగేది అప్పుడే. పాదాలతో సహా తిరిగి వెయ్యండి. బీపీ, షుగరు మందులు వాడుతుంటే ఖాళీ కడుపుతో దిగొద్దు, నీళ్ళ సీసా దగ్గరుంచుకోండి. తట్టలో సగమే మట్టి ఎత్తండి.

పిడి వదులైతే రాత్రంతా నీళ్ళ బకెట్లో పెట్టేస్తారు చాలామంది. తడిలో బిగుస్తుంది, ఎండలో ఆరగానే మళ్ళీ ఊడి కాలి మీద పడుతుంది. గట్టి చెక్కతో చిన్న చీల చెక్కి పిడి తలలోకి దిగ్గొట్టండి.